ఆడమనిషి కాదు, రాయి

సంపాదకులకు,

నమస్కారం. రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో, మనసుకు నచ్చిన పని చేసుకుంటూ సంతోషంగా బతుకుతున్నవాళ్ల గురించి పెద్ద వ్యాసం వేశారు. బాగానే ఉంది. కానీ అందులో ఉన్న ఐదుగురూ ఉద్యోగం మానేసినవాళ్లే. ఒకాయన సాఫ్ట్‌వేర్ వదిలి ఆవులు పెట్టుకున్నాడు. ఒకామె బ్యాంకు వదిలి బొమ్మలు వేస్తోంది. పైగా ఐదుగురికీ చివర్లో డబ్బులు కూడా వచ్చాయి. కర్నూలులో మా ఇంటి దగ్గర టీకొట్టులో ఆ పేజీ చదివిన కుర్రాడొకడు పేపరు మడిచి బల్ల మీద పడేసి, ‘మానెయ్యాలంటే ముందు ఉద్యోగం ఉండాల గదా సామీ’ అన్నాడు. ఆ మాట నాకు వ్యాసం కన్నా బాగా నచ్చింది.

నేను ఉద్యోగం మానెయ్యలేదు. 1985లో ఆర్టీసీలో కండక్టరుగా చేరాను, 2018లో కండక్టరుగానే రిటైరయ్యాను. మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు, మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన సొసైటీకి. ‘నువ్వు మాత్రం మగ్గం గుంతలో దిగొద్దురా, నెలజీతం ఉద్యోగం చూసుకో’ అని ఒకటే పోరు. బీకాం అయిపోగానే ఖాకీ చొక్కా దొరికింది. ఆయన బతికినన్నాళ్లూ వచ్చినోళ్లకల్లా మావాడు గవర్నమెంటు అని చెప్పుకున్నాడు. ఆర్టీసీని ప్రభుత్వంలో కలిపి మేం నిజంగా గవర్నమెంటు అయింది 2020 జనవరిలో. అప్పటికి మా నాయనా లేడు, నేను రిటైరై రెండేళ్లు. ఆ బస్సు నాకు అందలేదు.

నా సంగతి చెప్తాను. అప్పట్లో నాకు పత్తికొండ మీదుగా గుత్తి పోయే బండి డ్యూటీ పడేది. టాపు మీద టమోటా గంపలు, లోపల నిలబడడానికి చోటు ఉండదు. 1989లో ఒకనాడు జొన్నగిరి దాటి ఎర్రగుడి దగ్గర టైరు పంక్చరయింది. స్టెప్నీ మార్చేదాకా ప్యాసింజర్లు చెట్ల కిందికి పోయారు. నేను కాలు సాచుకుందామని బండల వైపు నడిచాను. అక్కడ కావలి మనిషి ఉన్నాడు. చూపించాడు. బండ నిండా గీతలు. అశోకుడు చెక్కించినవి, రెండు వేల రెండొందల ఏళ్ల పైమాటే అన్నాడు. నేను నమ్మలేదు. బడి పుస్తకంలో అశోకుడంటే నాలుగు సింహాల బొమ్మ, ఎక్కడో ఉత్తరాన. మా టమోటా బండి పోయే దారిలో అశోకుడేంది?

తర్వాత జిల్లా గ్రంథాలయంలో వెతికితే అంతా నిజమే. ఆ బండల మీది రాతలను 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడట. పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి, ఇంకో చిన్న శాసనం కూడా ఉంది. ఆ చిన్నదాంట్లో ఒక విచిత్రం ఉంది. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు తిరిగొస్తాయి. అది చూసిన ఒక రైతు (నా బండిలో రోజూ వచ్చే మనిషి, పొద్దు పోక నా వెంట వచ్చాడు) ‘మడకసాలు మాదిరే ఉంది గదప్పా, ఈ కొసకు పోయి మళ్లా ఈ కొసకు’ అన్నాడు. చదువుకున్నవాళ్లు ఆ రాతకు పెట్టిన గ్రీకు పేరుకు అర్థం కూడా దున్నే ఎద్దు మళ్లినట్టు అనేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

అంతే, పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో అడిగితే ఇప్పటికీ చెప్పలేను. మగ్గం మీద అంచు డిజైను చూస్తూ పెరిగిన కళ్లకు ఆ గీతలు ఆనాయేమో. అశోకుడి ఆ రాత బ్రాహ్మీ లిపి, దాని అక్షరాలు నేర్చుకున్నాను. అదేమంత కష్టం కాదు. లెక్కల్లో కూడిక గుర్తు వేస్తే అది క. చదరం గీస్తే బ. సున్నా చుడితే ఠ, సున్నాలో చుక్క పెడితే థ. ఇవి ఏమిటో ప్రపంచంలో ఎవరికీ తెలియని కాలంలో ప్రిన్సెప్ అనే దొర కూర్చొని 1837లో విప్పాడు. ఆయన ఉద్యోగం కలకత్తా టంకశాలలో. ఈ ముక్క తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నాణేలు లెక్కబెట్టేవాడు చదివాడంటే, చిల్లర లెక్కబెట్టేవాడు చదవకూడదా అనుకున్నాను.

ఎస్సార్ కాగితాలు ఉంటాయి, ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎన్ని టికెట్లు తెగాయో రాసేవి. చెడిపోయినవాటి వెనక నా అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత నలభై పేజీల నోటుబుక్కులు. బ్రాహ్మీ అయ్యాక కిందికి దిగి, మన తెలుగు మొదలైన చోటికి వచ్చాను. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. క్రీస్తు శకం 575 నాటిదంటారు, తెలుగులో దొరికిన మొదటి శాసనం. అదే జిల్లాలో ఎర్రగుడిపాడు అని ఇంకో ఊరు ఉంది, అక్కడా ఆయనదే శాసనం. ఎర్రగుడీ ఎర్రగుడిపాడూ ఒకటేననుకొని నేను ఒక వీక్లీ ఆఫ్ మొత్తం తప్పు బస్సులో తిరిగాను. కండక్టరునై ఉండి.

ఇంతవరకూ చదివితే సంతోషంగానే ఉన్నాడు కదా అనిపిస్తుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ పని నేను దొంగతనంగా చేశాను.

ఎవరైనా ఏమనుకుంటారో అని. కండక్టరుకు శాసనాలెందుకు? డిపోలో తెలిస్తే పిచ్చోడంటారు. బంధువులకు తెలిస్తే, ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకొని వీడికిదేం రోగమంటారు. అందుకని ఆఫ్ రోజు పొద్దున్నే బయలుదేరుతుంటే మా ఆవిడ ‘యాడికి?’ అంటే, ఒకసారి దేవళానికనీ ఒకసారి యూనియన్ మీటింగనీ ఒకసారి ఫ్రెండు వాళ్ల నాయనకు బాగాలేదనీ చెప్పేవాణ్ణి. ఆ ఫ్రెండు వాళ్ల నాయన నా లెక్కన మూడుసార్లు చచ్చిపోయాడు. ఎర్రగుడి చిన్న శాసనంలో రాజు ఏం చెక్కించాడో తెలుసునా? తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం పలకాలి. ఆ మాట అక్షరం అక్షరం నోటుబుక్కులో ఎక్కించుకొని, ఆ సాయంత్రమే ఇంటికి పోయి అబద్ధం చెప్పేవాణ్ణి.

నాతో చాలా ఏళ్లు డ్యూటీ చేసిన డ్రైవరొకాయన ఉండేవాడు. పద్యనాటకాల పిచ్చి. మాకు నైట్ హాల్ట్ ఉన్న పల్లెలో బండి ఆపి, ముఖం కడుక్కొని, రచ్చబండ మీద కూర్చొని హరిశ్చంద్రుడి పద్యాలు ఎత్తుకున్నాడంటే ఊరు ఊరంతా వచ్చేది. ఉగాదికి సెలవు పెట్టి వేషం కట్టేవాడు. సెలవు చీటీలో ‘నాటకం నిమిత్తం’ అని రాసేవాడు! అందరూ కడుపుబ్బ నవ్వేవాళ్లు, ఆయన కూడా నవ్వేవాడు. అంతటితో అయిపోయేది. ఆయన పాడుతుంటే నేను టార్చిలైటు పట్టుకొని ఆ ఊరి గుడి వెనక రాయి చూసి, ఒంటికి పోయొచ్చినట్టు వచ్చేవాణ్ణి. ఒకరాత్రి పట్టుకున్నాడు. ‘నీది దొంగతనం గాదు గదా కండక్టరూ, మరి దొంగ మాదిరి ఎందుకు పోతావ్?’ అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

1994లో మా బావమరిది నేనెక్కిన బస్సే ఎక్కాడు, నాకు కనపడకుండా వెనక సీట్లో. మా ఆవిడే పంపింది. ప్రతి ఆఫ్ రోజూ ఏదో ఒక సాకు, వచ్చేటప్పుడు మోకాళ్లకు మట్టి, జేబులో కొబ్బరి పీచు. ఎక్కడో రెండో సంసారం పెట్టాడని ఆమె గట్టిగా అనుకుంది. అలా అనుకోక ఇంకేమనుకుంటుంది పాపం. ఆ రోజు నేను ఒక చెరువుకట్ట కింద వీరగల్లు ముందు కూర్చొని, నీళ్లు చల్లి పీచుతో మెల్లగా మట్టి తీస్తున్నాను. వీరగల్లు అంటే తెలియనివాళ్లకు చెప్తాను. ఊరి పశువుల్ని తోలుకుపోయేవాళ్లతోనో పులితోనో పోరాడి చచ్చినవాడికి నిలబెట్టిన రాయి. మన సీమలో ఎన్ని ఊళ్లలో ఉన్నాయో. బావమరిది గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడంట. తర్వాత దిగొచ్చి, ‘ఏం బావా, ఈడేం జేస్తాండావ్?’ అన్నాడు. నాకు గుండె జారిపోయింది.

వాడు నాకన్నా ముందు ఇల్లు చేరాడు. నేను పోయేసరికి మా ఆవిడ గడప మీద కూర్చొని ఉంది. వాడు చెప్పిన మాట ఇది: ‘అక్కా, ఆడమనిషి గాదు, రాయి. రాయి కాడ కూసోనుండాడు.’ ఆమె ఏడ్చిందో నవ్విందో నాకు ఈ రోజుకూ తెలియదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, ‘ఆడమనిషైనా బాగుండు, పోయి జుట్టు పట్టుకుందును. రాయితో ఏం కొట్లాడేది?’ అంది.

ఇంట్లో తెలిసిపోయింది కాబట్టి అబద్ధాలు ఆగిపోయాయని అనుకుంటున్నారా? బయటివాళ్లకు చెప్పేవి అలాగే ఉన్నాయి. అలవాటు. డిపోలో కూర్చొని చేసే ప్రమోషన్ వచ్చినప్పుడు వద్దన్నాను. పల్లెల డ్యూటీ పోతే రాళ్లు పోతాయని. అడిగినవాళ్లకు మాత్రం నడుంనొప్పి, కూర్చోలేను అని చెప్పాను. మా ఆవిడ ఆ ప్రమోషన్ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోవాలని నేను అడగను కూడా. రెండు వేల చిల్లర జీతం తేడా ఆ రోజుల్లో. పెద్దమ్మాయి పెళ్లి అప్పు ఇంకో రెండేళ్ల ముందే తీరి ఉండేది. మనసుకు నచ్చింది చేస్తే ఖర్చు ఉండదని మీ వ్యాసం చదివినవాళ్లు అనుకోకూడదు, అందుకని ఇది రాస్తున్నాను. ఆ ఖర్చు మనమొక్కరమే పెట్టం, ఇంట్లోవాళ్ల చేత కూడా పెట్టిస్తాం.

2003లో, ఊరి పేరు చెప్పను, ఒక పాడుబడిన గుడి దగ్గర శాసనం రాసుకుంటుంటే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకున్నారు. చూస్తే ఇరవై మంది. కొందరి చేతుల్లో కట్టెలు. అంతకు నెల ముందే గుప్తనిధుల కోసం ఎవరో రాత్రిపూట వచ్చి గుడిలో నందిని పగలగొట్టి పోయారట. వాళ్ల కోపం న్యాయమే. ‘ఎవరు నువ్వు, ఏం పని?’ అన్నారు. నా నోటికి అలవాటైన మాటే వచ్చింది: బంధువుల ఇంటికి వచ్చాను. ‘ఎవరింటికి?’ చిన్న ఊరు. ఏ పేరు చెప్పినా ఆ పేరుగలవాడు అక్కడే నిలబడి ఉంటాడు. నీళ్లు నమిలాను. ఒక దెబ్బ పడింది కూడా, భుజం మీద.

అప్పుడు చెప్పాను. ‘నేను ఆర్టీసీ కండక్టరును. నాకు రాళ్ల మీద రాత చదవడం ఇష్టం. అంతే.’ పద్నాలుగేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఒక ముసలాయన, ‘అయితే సదువు’ అన్నాడు.

రాయి పైభాగాన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నాయి. నిధుల దొంగలు వాటినే గుర్తులనుకొని ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అడుగులు అటు అని తవ్వుతారు. ఆ గుర్తుకు అర్థం అది కాదు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం నిలవాలని. విజయనగరం కాలం లిపి కాబట్టి కొంచెం కూడబలుక్కొని చదవగలిగాను. ఊరి చెరువు కట్టించినవాడికి దశబంధం మాన్యం ఇచ్చిన రాత అది. అంటే చెరువు బాగోగులు చూసుకోవాలి, అందుకు బదులు ఆ భూమి అనుభవించాలి. కింద శాపం ఉంది, ఇలాంటి చాలా శాసనాల్లో ఉండేదే: ఇచ్చిన భూమిని ఎవడైనా లాక్కుంటే అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు. ఆ మాట చదవగానే గుంపులో ఒకడు ఇంకొకణ్ణి చూసి పకాలున నవ్వాడు. వాళ్లిద్దరికీ చెరువు కింద ఏదో భూమి తగాదా ఉందట. కట్టెలు కిందికి దిగాయి. సంగటి పెట్టి, ఊరిబిండి వేసి, పంపించారు. భుజం మీద కొట్టినవాడే బస్సు దాకా వచ్చాడు.

ఆ తర్వాత నేను ఎక్కడికి పోతున్నానో ఎవరడిగినా నిజం చెప్పాను. డిపోలో ‘రాళ్ల సామి’ అని పేరు పెట్టారు. నాలుగు రోజులు నవ్వుకున్నారు. ఐదో రోజు నుంచి డ్రైవర్లు ఫలానా ఊళ్లో ఫలానా చింతచెట్టు కింద రాత ఉన్న రాయి చూశామని నాకు కబుర్లు తేవడం మొదలుపెట్టారు! పద్నాలుగేళ్లు ఒక్కణ్ణే తిరిగి చూసినవాటి కన్నా, తర్వాత ఐదేళ్లలో ఎక్కువ చూశాను.

నేను పండితుణ్ణి కాను. కొత్తగా కనిపెట్టిందీ లేదు. ఒకసారి ఒక శాసనం నేనే మొదట చూశానని ఎగిరి గంతేశాను. తర్వాత చూస్తే దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలో ఉంది, 1948లో అచ్చయింది. నేను పుట్టక ముందే ఎవరో అక్కడికి నడిచిపోయి, కాగితం తడిపి, బ్రష్షుతో అద్ది, సిరా పూసి అచ్చు తీసుకొని పోయారు. మొదట బాధేసింది. తర్వాత నా నోటుబుక్కు తీసి పక్కపక్కన పెట్టుకొని చూసుకున్నాను. పందొమ్మిది వరసల్లో పదిహేను సరిగ్గా చదివాను. ఆ రోజు మా ఇంట్లో ఓళిగలు చేయించాను, ఎందుకని అడిగితే నిజమే చెప్పాను.

మీ వ్యాసం రాసినవారికి ఒక మాట. ఉద్యోగం చేసుకుంటూనే తన పని తాను చేసుకున్నవాళ్లు మన సీమలో తక్కువేం లేరు. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చింది కంపెనీ ఉద్యోగం మీద. పగలు కచేరీ, మిగతా పొద్దంతా తెలుగు. బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలు బాగుచేయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేశాడు, నిఘంటువు 1852లో తెచ్చాడు. మెకంజీ అనే కంపెనీ సర్వే దొర దత్తమండలాలకు, అంటే మన సీమకు, వచ్చింది భూమి కొలవడానికి. కొలుస్తూనే, కావలి లక్ష్మయ్య లాంటివాళ్లను పెట్టుకొని ఊరూరి కైఫీయతులూ (ఆ ఊరి చరిత్ర రాసిన కాగితాలు) శాసనాలూ పోగు చేయించాడు. వాళ్లు పెద్ద జీతాల దొరలు, నేను కండక్టరును, పోలిక తప్పే. కానీ ఇంట్లో అన్నం పెట్టే పని వేరే ఉండి, ఇది వేరే ఉండడం తక్కువ రకం సంతోషం అన్నట్టు రాయొద్దని మనవి. టీకొట్టు కుర్రాడు సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తాడు, సాయంత్రం పావురాలు పెంచుతాడు. వాడి గురించి కూడా ఒక పేజీ వెయ్యండి.

జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి వానలు పడగానే వజ్రాల కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, మీ పేపర్లో ఏటా ఫొటోలు వేస్తారు కదా. ఎర్రమట్టి చేలల్లో వంగి వంగి నడుస్తుంటారు. రిటైరైన ఏడాది నేను ఎర్రగుడి పోయి వస్తూ ఒక చేను గట్టున కూర్చుంటే, ఒక అవ్వ వచ్చి పక్కన కూలబడింది.

‘నీకేమన్నా దొరికిందా నాయనా?’

‘అక్షరాలు దొరికినాయి అవ్వా.’

‘అమ్మితే ఎంతొస్తాది?’

‘ఏమీ రాదు.’

‘అయితే నాకు మాదిరే. పదకొండేండ్ల నుంచి వస్తాండా, గులకరాయి గూడా దొరకలే.’

మరి ఎందుకొస్తావని అడిగాను. ‘ఇల్లిడిసి నాల్రోజులు ఈడ తిరిగితే పానం నెమ్మదిస్తాది. ఇంట్లో మాత్రం వజ్రాలకనే చెప్తా’ అంది. నాకు నవ్వాగలేదు. చూడండి, ఆమె కూడా ఇంట్లో అబద్ధమే చెప్తోంది.

చివరగా ఒక విన్నపం, ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే. మీ పేపరు పల్లెపల్లెకూ పోతుంది. ఊళ్లో రాత ఉన్న రాయి గానీ, కత్తీ డాలూ పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న రాయి గానీ కనబడితే దాని మీద సున్నం కొట్టొద్దనీ, ఎనామిల్ పెయింటు పూయొద్దనీ, సుద్దతోనూ మేకుతోనూ అక్షరాలు గీకొద్దనీ, బట్టలుతికే బండ చేసుకోవద్దనీ నాలుగు ముక్కలు వెయ్యండి. దాని కింద నిధి ఏమీ ఉండదు. పూజ చేసుకుంటే చేసుకోండి, పసుపు వానకు పోతుంది, పెయింటు పోదు. ఫొటో తీసి ఊరి సచివాలయంలోనో పురావస్తు శాఖవాళ్లకో చెప్తే చాలు.

వచ్చే మంగళవారం నేను డోన్ వైపు ఒక ఊరికి పోతున్నాను, పాత డ్రైవరొకాయన కబురు పంపాడు. రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయ పొడి కట్టిస్తానంది మా ఆవిడ. నేను పోయే ప్రతిసారీ ఆమె అడిగే ప్రశ్న ఒకటుంది, నిన్న రాత్రి కూడా అడిగింది: ‘ఈసారి మొగమనిషా, ఆడమనిషా?’

ఫోన్లో వచ్చిన బొమ్మ చూపించాను. గాజులేసుకున్న చెయ్యి పైకెత్తి ఉంది. సతికల్లు, మొగుడి చితిలో తానూ కాలిపోయిన ఆమెకు నిలబెట్టిన రాయి.

‘ఆడమనిషే’ అన్నాను.

‘అయితే నేనూ వస్తా’ అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
కర్నూలు.